ఇల్లు తెలియని స్వరములు

(డయోసిస్ శతాబ్ది ఉత్సవముల సంగీత సదస్సులో గాయక బృందము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సదస్సులో "సంఘ సంగీతము" అను అంశము మాకు ఇచ్చారు. నూరేండ్ల సంగీత చరిత్ర చెప్పుటకు మాకంటె తగినవారు ఈ మందిరములోనే కూర్చున్నారు. ఏ కీర్తనను పూర్వము ఏ వరుసలో పాడేవారో వారి నోటనే వినాలి. మేము అంత పెద్ద పని నెత్తిన పెట్టుకొనక, ఒకే ఒక్క కార్డును గూర్చి మాట్లాడదలచాము. కార్డు అనగానే కొందరు నవ్వుతున్నారు. రేషను కార్డు కాదు. హార్మోనియం మీద మూడు నాలుగు మెట్లు ఒక్కసారి నొక్కితే వచ్చే స్వరముల గుంపును పాశ్చాత్య సంగీతములో కార్డు అంటారు. అలాంటి కార్డు ఒకటి మా బృందమును దాదాపు రెండుగా చీల్చింది గనుక, దాని సంగతి చెప్పడానికి మాకు కొంత హక్కు ఉన్నదనుకొంటున్నాము.

జరిగినది ఇది. కొన్ని సంవత్సరముల క్రిందట మంచి శుక్రవారము ఆరాధనలో మత్తయి సువార్త 27వ అధ్యాయమును పాత్రలుగా పంచుకొని చదివాము. ఒకరు కథ చదివేవారు, ఒకరు పిలాతు, గాయక బృందమంతా జనసమూహము. ఇద్దరిలో ఎవరిని విడుదల చేయమంటారని పిలాతు అడిగినప్పుడు మేము నాలుగు గొంతులతో "బరబ్బ" అని ఒకే కార్డుమీద కేక వేయాలి. ఈ ఏర్పాటు మా సొంతము కాదు. జర్మనీ దేశపు బాఖ్ చేసినదానిని విని నేర్చుకొన్నదే. కేక వేశాము. ఆపైన నిశ్శబ్దము. మరునాడు గాక ఆ మరునాడు ఈస్టరు పండుగ గనుక ఎవరూ ఏమీ అనలేదు. తరువాత కూడిన సంఘ కమిటీలో ఒక పెద్దాయన లేచి, "గుడిలో అలాంటి మోత నా జన్మలో వినలేదు. అది దయ్యపు స్వరము. పూర్వకాలమందు సంఘము దానిని నిషేధించిందని నేను చదివాను. నూరేండ్ల పండుగ చేసుకోబోతున్నాము, ఇదేమిటి నాయనా?" అన్నారు.

ఆయన మందలించడము కొత్త కాదు. ఆయన చేతులమీద పెరిగినవారమే మేమంతా. కాని ఈసారి మా బృందములో సగముమంది ఆయన ప్రక్కన నిలిచారు. ఆల్టో పాడే అక్కయ్యలు, "తాతగారు అన్నది నిజమే. ఆ కార్డు పట్టుకొని నిలబడితే కడుపులో తిప్పినట్లుంటుంది" అన్నారు. బాస్ పాడేవారు మాత్రము అదే ఆ ఆరాధనకు ప్రాణమన్నారు. రెండు వారములు అభ్యాసము సరిగ్గా జరుగలేదు. మానివేద్దామా, ఉంచుదామా అని తేల్చుకొనేముందు అసలు అది ఏమిటో తెలిసికొందామని చివరకు కూర్చున్నాము.

హార్మోనియం మీద ఒక షడ్జమము నుండి పై షడ్జమము చేరేలోపల తెల్లవి, నల్లవి కలిపి పన్నెండు మెట్లు. పన్నెండు అనగానే గోడ గడియారము జ్ఞాపకము తెచ్చుకోండి. ఒకటవ శ్రుతి తెల్ల మెట్టును 12 గంటల దగ్గర పెట్టి, మిగిలినవాటిని 1, 2, 3 అని వరుసగా పేర్చుకొంటూ పోతే 11 దాటి మరల 12 దగ్గరకు వస్తాము. అది పై షడ్జమము. ఇప్పుడు మనము ప్రతి ఆదివారము వినే మామూలు మేజర్ కార్డు ఎక్కడుంటుంది? 12, 4, 7 దగ్గర. మన సంగీతపు పేర్లతో చెప్పితే స, అంతర గాంధారము, ప. వాటి మధ్య దూరములు నాలుగు, మూడు, అయిదు. మూడూ మూడు రకములు. అందుకే చెవికి గుర్తు దొరుకుతుంది. కండ్లు మూసుకొని విన్నా ఇది పాదము, ఇది నడుము, ఇది తల అని చెప్పగలము.

మా కేక కార్డు 12, 3, 6, 9 దగ్గర ఉంటుంది. దూరములు మూడు, మూడు, మూడు, మూడు. దీనిని డిమినిష్డ్ సెవెంత్ అంటారు. గడియారపు పలకను పావు చుట్టు త్రిప్పండి. 12 పోయి 3 మీద పడుతుంది, 3 పోయి 6 మీద పడుతుంది, కార్డు మాత్రము మారనే మారదు. నాలుగు మెట్లలో ఏది స అని అడిగితే జవాబు లేదు. లేక నాలుగు జవాబులున్నాయనైనా చెప్పవచ్చును. మేజర్ కార్డులు మెట్టుకొకటి చొప్పున పన్నెండుంటాయి. ఈ రకపువి మొత్తము మూడే. 12-3-6-9 ఒకటి, 1-4-7-10 ఒకటి, 2-5-8-11 ఒకటి. నాలుగవదానిని వెదకబోతే మొదటిదే ఎదురు వస్తుంది. నాలుగేసి మెట్ల అంగలతో నడిస్తే 12-4-8 వస్తుంది. దాని పేరు ఆగ్మెంటెడ్ కార్డు. అవి నాలుగే. రెండేసి అంగలతో నడిస్తే 12-2-4-6-8-10. అది హోల్‌టోన్ స్కేలు. అవి రెండే. ఇలా సరిసమానముగా కోసినవాటిని సౌష్ఠవము గల కార్డులు, స్కేళ్లు అంటారు.

సౌష్ఠవము అను మాటలో రెండు సంగతులు కలిసి ఉండుటచేత మేము కొంతకాలము తికమకపడ్డాము. తెనాలి రామకృష్ణుని "వికటకవి" అను బిరుదు మీరెరుగుదురు. ముందునుండి చదివినా వెనుకనుండి చదివినా ఒకటే. అది అద్దపు సౌష్ఠవము. సంగీతము నేర్చే పిల్లలకు మొట్టమొదట చెప్పే మాయామాళవగౌళ అలాంటిది. దాని మెట్ల దూరములు 1, 3, 1, 2, 1, 3, 1. పైకి ఎక్కినా క్రిందికి దిగినా అవే లెక్కలు. అయినా దానికి ఇల్లున్నది. స ఎక్కడో ఎనిమిదేండ్ల పిల్లవాడైనా చూపిస్తాడు. ఇక "టకటక" అన్న మాట తీసుకోండి. వెనుకనుండి చదివితే "కటకట" అవుతుంది గనుక అద్దములో ఇమడదు. కాని మొదటి రెండు అక్షరములు తీసి చివర పెట్టండి, మరల టకటకయే. ఒక్క అక్షరమే జరిపితే కటకట, ఇంకొకటి జరిపితే మొదటికే వచ్చాము. ఎంత త్రిప్పినా రెండే మాటలు. హోల్‌టోన్ స్కేళ్లు రెండే ఉండుటకు కారణము సరిగ్గా ఇదే. ఒక మెట్టు పట్టుకొని, ఒక మెట్టు విడిచి, టక టక అని నడుస్తుంది. మేము చెప్పే స్వరములు ఈ టకటక జాతివి.

మన కీర్తనల పుస్తకములో పాట నెత్తిన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. ఆ అలవాటున్న మనకు ఈ సంగతి రాగములతో చెప్పితే ఇంకా తేలికగా తెలుస్తుంది. మోహన రాగపు అయిదు స్వరములను పట్టుకొని, రి ని స అనుకొని అవే మెట్లు వాయించండి. మధ్యమావతి వస్తుంది. గ ను స అనుకొంటే హిందోళము. ప ను స అనుకొంటే శుద్ధసావేరి. దీనిని విద్వాంసులు గ్రహభేదమంటారు. మెట్లు అవే, ఆధారము మారితే రాగము మారిపోతుంది. ఇప్పుడు గోప్రియ అను రాగమును చూడండి. అది 62వ మేళకర్తయైన ఋషభప్రియకు జన్యము, పంచమము విడిచినది. దాని ఆరు స్వరములు సరిగ్గా హోల్‌టోన్ స్కేలే. అందులో ఏ స్వరమును స అనుకొన్నా మరల గోప్రియయే వస్తుంది. ఏ గుమ్మములోనుండి వెళ్లినా అదే గది.

ఇక్కడ ఒక చిన్న సంగతి మా కంటబడింది. తంబురా మీద స, ప నిత్యము మ్రోగుతుంటాయి. ఇల్లు ఎక్కడున్నదో చెవికి చెప్పేది ఆ జంటయే. ఆ ప గడియారములో 7 దగ్గర. రెండేసి, మూడేసి, నాలుగేసి, ఆరేసి అంగలతో 12 నుండి ఎలా బయలుదేరినా 7 మీద కాలు పడదు. లెక్క వేసి చూచుకోండి. ఇంటికి గుర్తుగా నిలిచే స్వరమునకే ఈ కోతలలో చోటు లేదు. ఆల్టో అక్కయ్యలకు కడుపులో తిప్పినట్లుండుటకు ఇదొక కారణమని మా ఊహ.

ఇక దయ్యము మాటకు వద్దాము. పెద్దాయన చదివినది ఆయన కల్పన కాదు, అలా వ్రాసిన పుస్తకములున్నాయి. ఆరు మెట్ల దూరమునకు, అనగా 12 నుండి 6 వరకు గల దూరమునకు, యూరపులో "సంగీతములో దయ్యము" అను పేరున్నది. మా కార్డులో అలాంటి దూరములు రెండున్నాయి, 12 నుండి 6, 3 నుండి 9. అయితే ఆ పేరు గ్రంథములలో స్పష్టముగా కనబడేది 18వ శతాబ్దపు ఆరంభమున. మధ్యయుగపు సంఘము దానిని నిషేధించినదనుటకు శాసనమేదియు లేదు. ఆ కాలపు పాటగాండ్రు దానిని తప్పించుకొన్న మాట నిజమే. తోడుగా వాద్యము లేక పాడేవారికి ఆ దూరము అందుకొనుట కష్టము, విన్నవారికి కర్కశము. కష్టమైనదానికి దయ్యమని పేరు పెట్టుట మనకు తెలియనిదా? మన ఊళ్లలో ఎక్కరాని గుట్టలకు, దాటరాని వాగులకు ఏ పేర్లున్నాయో ఆలోచించండి. ఇంతకు మనదేశమున ఆ ఆరు మెట్ల దూరము పేరు ప్రతి మధ్యమము. 72 మేళకర్తలలో 36 దానితో నిండి ఉన్నాయి. కల్యాణి రాగమందు స నుండి మ వరకు గల దూరము అదే. కల్యాణిని దయ్యమనేవారెవరు? ఈ మాట కమిటీలో చెప్పినప్పుడు పెద్దాయన కొంచెము నవ్వి, "కల్యాణిలో దానికి ప్రక్కన ప ఉన్నది కదరా" అన్నారు. మా లెక్కలన్నీ వేసి మేము కనుగొన్న సంగతిని ఆయన చెవి ముందే చెప్పింది.

బాఖ్ చేసినదేమిటో ఇప్పుడు చెప్పవచ్చును. మత్తయి సువార్త ప్రకారము శ్రమల చరిత్రకు ఆయన వ్రాసిన సంగీతము లైప్జిగ్ పట్టణమున సెయింట్ థామస్ దేవాలయములో మంచి శుక్రవారమున పాడబడింది. పండితులు ఇప్పుడు ఒప్పుకొనే లెక్కనుబట్టి మొదటిసారి 1727లో. అది మూడు గంటలకు దగ్గర నడిచే సంగీతము. అందులో జనసమూహపు "బరబ్బ" కేక ఒకే కార్డు. మూడే అక్షరములు, రెండు గాయక బృందముల ఎనిమిది గొంతులు, కన్ను మూసి తెరిచేలోపల అయిపోతుంది. ఆ కార్డు డిమినిష్డ్ సెవెంత్.

ఈ కార్డునే ఎందుకు ఎన్నుకొన్నాడో గ్రహించుటకు దాని నడక తెలియాలి. మన పాటలో కాకలి నిషాదము వినగానే మనస్సు ప్రక్క మెట్టుమీదనున్న స కోసము ఎదురు చూస్తుంది. ఒక్క మెట్టు ఎక్కితే ఇల్లు. ఈ కార్డులో నాలుగు స్వరములు సరిసమానమైనవి గనుక నాలుగింటిలో ఏదైనను ఆ నిషాదము కావచ్చును. 12 ఎక్కితే 1 ఇల్లవుతుంది, 3 ఎక్కితే 4, 6 ఎక్కితే 7, 9 ఎక్కితే 10. ఒకే చోటునుండి నాలుగు ఊళ్లకు దారులు. బెజవాడ జంక్షనులో నిలుచున్నట్లన్నమాట. ఒక పట్టా కాజీపేటకు, ఒకటి గూడూరుకు, ఒకటి విశాఖకు, ఒకటి గుడివాడకు. కాని బోర్డు లేదు, ప్రకటన లేదు. బండి ఎటు కదులుతుందో ఎక్కినవారికి తెలియదు. ఇలాంటి జంక్షన్లు మూడు చాలు, పన్నెండు శ్రుతులకు దారి దొరుకుతుంది.

బాఖ్ ఆ జనమును అలాంటి చోట నిలువబెట్టాడు. మనము సాధారణముగా కలహమును చూపించవలెనంటే ఒక్కొక్కరిచేత ఒక్కొక్క మాట అనిపిస్తాము. ఇక్కడ అలా లేదు. ఎనిమిది గొంతులు ఒకే మాట, ఒకే క్షణమున అంటున్నాయి. ఒక్క భిన్నాభిప్రాయము లేదు. ఓటు పెట్టితే ఏకగ్రీవము. అంత ఐకమత్యములో ఎవరికిని ఇల్లు లేదు. మాకు ఈ సంగతి తెలిసిన రోజు అభ్యాసములో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఎందుకనగా ఆ కేక వేసేది రోమా సైనికులు కారు, యెరూషలేము వీధిలోని ఎవరో కారు. మంచి శుక్రవారమునాడు తెల్ల బట్టలు కట్టుకొని గుడిలో నిలిచి ఆ మాట అనేది మేము. ఒప్పుకొనుటకు కష్టముగా ఉన్నా, మా బృందము అంత చక్కగా ఏకమై పాడేది సంవత్సరమునకు ఒక్కసారి, ఆ ఒక్క మాటమీదనే.

తరువాతి కాలమున ఈ కార్డుకు గౌరవము తగ్గింది. 19వ శతాబ్దపు నాటకశాలలలో ఉరుము వచ్చినా, దొంగ వచ్చినా ఇదే. మన సినిమాలలో తలుపు కిర్రుమనగానే వినబడేది కూడ దీని తోబుట్టువే. ఆగ్మెంటెడ్ కార్డును లిస్ట్ అను ఆయన 1857లో వినిపించిన ఫౌస్ట్ సింఫనీ ఆరంభములో వాడాడు. ఉన్న నాలుగు కార్డులను ఒకదాని తరువాత ఒకటి విప్పి పరిస్తే పన్నెండు మెట్లు అయిపోతాయి. దేనియందును నిలకడలేని పండితుని చిత్రమది. ఆ లిస్ట్ 1865లో రోములో చిన్న తరగతి గురుత్వము స్వీకరించాడు. హోల్‌టోన్ స్కేలును ఫ్రాన్సు దేశపు దెబుస్సీ మంచు తెరలవలె పరచాడు. వీటిని గూర్చి చెప్పేవారు వేరే ఉన్నారు.

మా కష్టము ఒకటి చెప్పుకొని ముందుకు పోతాము. రెండవ సంవత్సరము మరల అదే పఠనము పెట్టుకొన్నాము. పెద్దాయన వద్దనలేదు, సరేననలేదు. పిలాతు ప్రశ్న అడిగే సమయమునకు కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. ధైర్యము చేసి వాద్యము లేకుండానే కేక వేశాము. ఆ సంవత్సరము కేకను సాగదీసి పట్టుకొనే ఏర్పాటు. పట్టుకొన్న కొద్ది సెకనులలో చెదిరిపోయింది. సోప్రానోలు పైకి పోయారు, బాసులు క్రుంగారు, మధ్యవారు ఎవరిని నమ్మాలో తెలియక ఆగిపోయారు. ఆరాధన తరువాత ఒకరినొకరు నిందించుకొన్నాము. తప్పు ఎవరిదీ కాదని తరువాత తెలిసింది. మనిషి గొంతు ప్రక్కవారితో కలిసేటప్పుడు స్వచ్ఛమైన దూరమునే వెదకుతుంది. మూడు మెట్ల స్వచ్ఛమైన దూరము ఆరింటికి అయిదు చొప్పున ఉండే నిష్పత్తి. అలాంటివి నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చితే పై షడ్జమమునకు సరిగ్గా రెండింతలు రావాలి గాని 2.07 వస్తుంది. ఒక మెట్టును నూరు భాగములు చేస్తే 63 భాగములు ఎక్కువ. ఆగ్మెంటెడ్ కార్డుకు దీనికి వ్యతిరేకము. స్వచ్ఛమైన నాలుగు మెట్ల దూరములు మూడు పేర్చితే 41 భాగములు తక్కువ వస్తుంది. కాబట్టి ఈ సంపూర్ణ సౌష్ఠవము ప్రకృతిలో లేదు. హార్మోనియం, పియానో వంటివాటిమీద పన్నెండు మెట్లను మనుష్యులు సరిసమానముగా సర్ది పెట్టారు గనుకనే అది పుట్టింది. ప్రతివాడు తన పొరుగువానితో నిజాయితీగా కలిసినా మొత్తము కలియదు. అప్పటినుండి మేము పాత కాలితిత్తి హార్మోనియంనే వాడుతున్నాము. కరెంటుతో దానికి పని లేదు.

ఇంతవరకు విన్నవారు, ఇల్లులేకపోవుట అంటే భయమే, దిక్కులేనితనమే అనుకోవచ్చును. మేమును అలాగే అనుకొని అక్కడితో ఆపివేసేవారము. కాని మా బృందములో ఆర్గను వాయించే తమ్ముడు ఒలివియే మెస్సియాన్ అను ఫ్రెంచి సంగీతజ్ఞుని పాటలు వినిపించాడు. మెస్సియాన్ 1908లో పుట్టాడు. 1931 నుండి 1992లో చనిపోయేవరకు పారిసులోని ట్రినిటీ దేవాలయమున ఆర్గను వాయించాడు. గొప్ప విశ్వాసి. సౌష్ఠవము గల స్కేళ్లన్నిటిని వెదకి ఏడు తెగలుగా ఏర్పరచి 1944లో అచ్చువేసిన తన పుస్తకములో వివరించాడు. అందులో మొదటిది హోల్‌టోన్ స్కేలే. దెబుస్సీ మొదలైనవారు దానిని అంత బాగుగా వాడివేశారు గనుక నేను దాని జోలికి పోనన్నాడు. ఆయనకు ఇష్టమైనది రెండవది. ఒక మెట్టు, రెండు మెట్లు, ఒక మెట్టు, రెండు మెట్లు అని నడుస్తుంది. గడియారములో 12, 1, 3, 4, 6, 7, 9, 10. ఎనిమిది స్వరములు. మా కేక కార్డులు రెండింటిని కలిపి నేసిన బట్టవంటిది. ఇందులో 7 కూడ ఉన్నదని గమనించండి. ప ఉన్నా ఇల్లు నిలవదు, ఎందుకనగా 3 కు, 6 కు, 9 కి కూడ వాటి వాటి ప లు అందులోనే ఉన్నాయి. ఇవి మూడు రూపములే. నాలుగవసారి జరుపబోతే మొదటిదే వస్తుంది.

ఆ అసాధ్యత మెస్సియానుకు ముచ్చటగా తోచింది. ఎంత జరిపినా తనలోనికే తిరిగివచ్చేదానిలో కాలము నడువదు, దారి తప్పుట కూడ లేదు. ఇల్లు ఎక్కడని అడిగే అవసరమే ఉండదు. అందుకే ప్రభువు జననమును గూర్చి, ఆరోహణమును గూర్చి, నిత్యత్వమును గూర్చి వ్రాసేటప్పుడు ఈ స్కేళ్లను వాడాడు. అదే జాతి స్వరములలో బాఖ్ దిక్కులేని గుంపును వినిపించాడు, ఈయన పరలోకమును వినిపించాడు. ఈ రెండు ఎలా పొసగునని మాలో ఇంకా వాదము జరుగుతూనే ఉన్నది. టెనార్లలో ఒకరు మాత్రము, "ఎడారిలో తప్పిపోయినవానికిని దిక్కులు లేవు, ఆకాశమందున్నవానికిని దిక్కులు లేవు" అంటారు. మాకు అది సగమే ఒప్పుదలగా ఉన్నది.

మెస్సియాన్ 1940లో యుద్ధఖైదీగా పట్టుబడి గోర్లిట్జ్ దగ్గరి చెరలో ఉన్నప్పుడు, ప్రకటన గ్రంథము 10వ అధ్యాయములోని దేవదూతను మనస్సులో పెట్టుకొని "కాలాంతమునకు చతుష్టయము" అను కృతిని పూర్తిచేశాడు. చెరలో దొరికినవి వయొలిను, క్లారినెట్టు, చెల్లో, పియానో. 1941 జనవరి 15న, చలిలో, కొన్ని వందలమంది ఖైదీల ఎదుట దానిని వాయించారు. మనకు ఆశ్చర్యము కలిగించే సంగతి ఇంకొకటున్నది. దేవగిరి యాదవుల ఆస్థానమున 13వ శతాబ్దములో శార్ఙ్గదేవుడు వ్రాసిన సంగీత రత్నాకరములో 120 దేశీ తాళముల పట్టిక కలదు. మెస్సియాన్ దానిని ఒక ఫ్రెంచి విజ్ఞానకోశములో చూచి, జీవితకాలమంతా దానితోనే కాపురము చేశాడు. ఆ చెరలో వాయించిన కృతి మొదటి భాగములో పియానో నడక రాగవర్ధనము, చంద్రకళ, లక్ష్మీశము అను మూడు తాళములను కూర్చినది. ముందునుండి చదివినా వెనుకనుండి చదివినా ఒకటిగా ఉండే లయలను, అనగా వికటకవి జాతి లయలను, ఆయన ఈ తాళముల పట్టికలోనే గుర్తించాడు. స్వరమునకు టకటక, కాలమునకు వికటకవి. ఆ రెండు ఒకదానికొకటి జత అని ఆయన పుస్తకములోనే చెప్పాడు.

ఈ మాటలు చెప్పి కమిటీని ఒప్పించామా అంటే, పూర్తిగా కాదు. కాని కొన్ని కట్టుబాట్లు మాకు మేమే పెట్టుకొన్నాము. మన కీర్తనల క్రింద ఈ కార్డులను వేయము. రాగమునకు స, ప ఊపిరి. దాని క్రింద ఇల్లులేని కార్డు పెట్టితే ఇంటివారిని వీధిలో నిలబెట్టినట్లే. ప్రార్థనకు ముందు గుండె జల్లుమనిపించుటకు కీబోర్డుమీద ఈ కార్డును జారవిడిచే అలవాటు ఈ మధ్య కొన్నిచోట్ల వినబడుతున్నది. మాకు అది నచ్చదు. ఒక్క మాటకు దాచి ఉంచినదానిని ప్రతి వారము ఖర్చుచేస్తే ఆ ఒక్క మాట వచ్చినప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

కేక మాత్రము ఉన్నది. పెద్దాయన ఒక మాట అడిగారు, దానిని తీసివేయలేకపోయాము. "కేక వేసి వదలివేస్తారేమి? ఇంటికి తీసుకురారా?" అన్నారు. బాఖ్ సంగీతములో కథ ఆగదు గనుక ఏదో ఒక దారి దొరుకుతుంది. మా పఠనములో నిశ్శబ్దము తప్ప మరేమీ లేదు. చాలా ఆలోచించి ఇలా చేశాము. శుక్రవారము ఆ కార్డును అలాగే వదలివేస్తాము, విప్పము. ఈస్టరు తెల్లవారుజామున, దీపములు వెలిగించకముందు, హార్మోనియం మీద అదే 12-3-6-9 మెల్లగా మరల నొక్కుతాము. అక్కడనుండి ఒక్క మెట్టు ఎక్కి మొదటి కీర్తన శ్రుతిలో దిగుతాము. మన సంఘము ఒకటిన్నర శ్రుతిలో సుఖముగా పాడుతుంది. గడియారములో అది 1. అదృష్టవశమున నాలుగు ఇండ్లలో అదొకటి. మొదటి ఏడు అలాగే చేశాము. రెండవ ఏడు స్త్రీల మైత్రివారు ఆరంభ కీర్తన ఎత్తుకొనవలసి వచ్చింది గనుక అదే కార్డునుండి అయిదవ శ్రుతికి పోయాము.

పెద్దాయన మూడవ బల్లమీద, కిటికీ ప్రక్కన కూర్చుంటారు. ఆ కార్డును ఆయన ఇప్పటికిని మెచ్చుకోలేదు. మొన్న అభ్యాసమునకు వచ్చి చివరిదాక ఉండి, హార్మోనియం మూసేవేళకు దగ్గరకు వచ్చి, "ఈసారి ఏ దారిన తీసుకుపోతారు?" అని అడిగారు. ఇంకా అనుకోలేదని చెప్పాము. మూడవ శ్రుతి, ఆరున్నర శ్రుతి మేము ఇంతవరకు పట్టలేదు. సదస్సు తరువాత కాఫీకి పోయేముందు నాలుగు దారులను హార్మోనియం మీద వాయించి వినిపిస్తాము. వినగోరేవారు ముందు బల్లలలోనికి రండి.